దేవుని పనిలో ఉన్న పిల్ల

సోమవారం ఉదయం పది గంటలకు పిల్లను వెంటబెట్టుకుని బాలల సంక్షేమ కమిటీ ఆఫీసుకు రావాలట! రాకపోతే వాళ్లే వచ్చి పిల్లను తీసుకెళ్లి హోమ్‌లో పెడతారట! నోటీసులోని ఆ రెండు ముక్కలూ చదువుతూనే ఇందు గుమ్మంలోనే చతికిలబడింది. పొయ్యి మీద పప్పు మాడుతోంది. ఆ వాసన తెలుస్తూనే ఉంది... అయినా లేవలేకపోయింది.

నోటీసులో ఇంకో మాట కూడా ఉంది. బాలకార్మికురాలు! పదకొండేళ్ల కెజియా, తన బంగారుతల్లి... ఎవరింట్లో అంట్లు తోమింది? ఏ హోటల్లో బల్లలు తుడిచింది? తిన్న కంచం కడగమంటేనే అరగంట గునిసే పిల్ల! ఎవరు రాశారీ మాట? ఎవరి కళ్లు పడ్డాయి మా ఇంటి మీద, ప్రభువా!

కెజియా నాలుగో తరగతితో బడి మానేసింది. ఆ పిల్లకు నత్తి. హాజరు పిలిచినప్పుడు “ప్రెజెంట్ సార్” అనబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతే, క్లాసంతా బల్లలు బాది నవ్వేది. ఒకరోజు ఇంటికొచ్చిన పిల్ల మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగోరోజు ఇందు భర్త నూకరాజు, “దేవుడిచ్చిన బిడ్డ, దేవుని భయంలో మనమే చదివించుకుందాం” అన్నాడు. అన్నది ఆయన, చదివిస్తున్నది ఇందు! బెల్లం మార్కెట్లో కాటా దగ్గర నిలబడే మనిషికి పగలు తీరికెక్కడిది? ఇంటర్‌తో చదువాగిపోయిన ఇందు, రేపటి పాఠం ఇవాళ తను నేర్చుకుని మర్నాడు పిల్లకు చెప్పేది. రెండేళ్లుగా ఇదే తంతు. అత్తగారు తలుపులమ్మ దృష్టిలో మాత్రం అది పనే కాదు. బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టినా, రేషన్ కార్డులోనూ ఊరి నోట్లోనూ ఆవిడ తలుపులమ్మే. “తల్లీకూతుళ్లు కూకుని కబుర్లు సెప్పుకుంతారు. గిన్నెలు మాత్రం నా కోసం సూత్తంటాయి” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

సాయంత్రం నూకరాజు నోటీసు చదివాడు. ఆయన మొహంలో భయం కనబడుతుందేమోనని చూసింది ఇందు. భయం లేదు! కళ్లు మెరుస్తున్నాయి. గబగబా బీరువా తీసి, చర్చి సంఘంలో ఎవరో ఇచ్చిన కాగితాల ఫైలు బయటికి లాగాడు.

“ఇలాటి రోజొత్తాదని నాకు తెలుసే! అమెరికాలో ఒకప్పుడు పిల్లల్ని ఇంట్లో చదివించుకున్నందుకు మన విశ్వాసుల్ని కోర్టులకీడ్చేరు. జైలుకెళ్లినోళ్లున్నారు. అయినా వదల్లేదు. పోరాడి పోరాడి, చివరికి అన్ని రాష్ట్రాల్లోనూ గెలిచేరు! మన చట్టంలో ఇంటి చదువు తప్పని తేల్చలేదు, ఒప్పనీ తేల్చలేదు. మనం హైకోర్టుకెళ్దాం. మన కేసు కూడా రేపు ఇలాటి ఫైల్లో ఉంటాది!”

“అందరూ గెలిచారా అండీ?” అడిగింది ఇందు.

“జర్మనీలో... గెలవలేదు.”

“వాళ్ల పిల్లలేమయ్యారు?”

నూకరాజు కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

“చెప్పండీ!”

“ఒకింట్లో పోలీసులొచ్చి తీసికెళ్లేరు. తిరిగిచ్చేసేరులే... మూడు వారాలకి.”

మూడు వారాలు! దీపం తీసేస్తే అమ్మ కొంగు పట్టుకుని గానీ నిద్రపోని పిల్ల! మంచినీళ్లు కావాలని అడగడానికి కూడా నాలుగుసార్లు ప్రయత్నించే పిల్ల! ఎవరూ ఆగి వినని చోట దాని దాహం ఎవరికి తెలుస్తుంది? ఇందుకు ఏడుపు ఆగలేదు.

“మీకు చరిత్ర కావాలి! నాకు నా పిల్ల కావాలండీ! నా పిల్లను పోగొట్టుకుని మీ కేసు గెలిస్తే నేనేం చేసుకోను?”

అత్తగారు పక్కగదిలో మోకాళ్ల మీద ఉంది. “ఏ పాపిష్టోడు రాయించేడో గానీ, ఆడి సంగతి నువ్వే సూడు తండ్రీ!” అని గట్టిగా ప్రార్థిస్తోంది. ఆ పాపిష్టివాడెవరో ఆవిడకు సోమవారం దాకా తెలియలేదు పాపం.

సోమవారం నలుగురూ ఆటో ఎక్కారు. నాలుగు రోడ్ల జంక్షన్ దగ్గర ఆటో ఆగినప్పుడు, ఇక్కడే దిగి పిల్లతో ఏదైనా రైలెక్కి పారిపోతే... అన్న ఆలోచన వచ్చింది ఇందుకు. ఎప్పుడూ లేనిది అలాంటి ఆలోచన వచ్చినందుకు తనంటే తనకే భయమేసింది. కెజియా చెయ్యి చెమటతో జారిపోతుంటే ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆఫీసులో బల్ల వెనక కమిటీ పెద్ద త్రినాధరావు గారు కూర్చున్నారు. పక్కనే, బడి మానేసిన పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగి సర్వే రాసిన లోహిత్. కెజియాను గోడవారగా వేరే కుర్చీలో కూర్చోమన్నారు. ఆ నాలుగడుగుల దూరానికే ఇందు కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది.

“పిల్ల ఎక్కడ పనిచేస్తోందమ్మా?”

“ఎక్కడా లేదు సార్! నేనే కన్నతల్లిని... నా మీద ఒట్టు సార్!”

“మరి మీ ఇంట్లోవాళ్లే చెప్పారుగా.” ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. “పిల్ల పనిలో ఉంది. ఏడేళ్లప్పుడే పనికి ఇచ్చేశారు. జీతం పిల్లకివ్వరు, పైన ముడుతుంది. చెప్పినవారు, నాయనమ్మ తలుపులమ్మ.”

నూకరాజు చేతిలోని ఫైలు కిందికి జారింది. అందరూ ముసలావిడ వైపు తిరిగారు.

“అయ్యో... అయ్యో నా నోరు పడిపోనూ!” తలుపులమ్మ రెండు చేతులతో తల బాదుకుంది. “దేవుని పని బాబూ! దానికి ఏడేళ్లప్పుడు జొరమొచ్చి కళ్లు తేలేసింది. బతికితే నీ పనికే ఇచ్చేత్తాను ప్రబువా అని మొక్కేను. మా సంగంలో అలాగే అంతారు బాబూ, దేవుని పనిలో ఉందని! ఈ బాబొచ్చి పిల్ల బడికెల్లదా అనడిగేడు. పనిలో ఉందన్నాను. జీతమెంతని అడిగేడు. ఇక్కడేటుంటాది, పైన ముడతాదన్నాను... పైనంటే పరలోకంలో బాబూ!”

లోహిత్ తల గోక్కున్నాడు. “పైనంటే... పై మేస్త్రీకేమో అనుకున్నాను సార్.”

త్రినాధరావు గారికి నవ్వొచ్చింది. ఇందుకు మాత్రం రాలేదు. ఎందుకంటే ఆయన వెంటనే నవ్వాపి, “పని సంగతి తేలింది. చదువు సంగతి తేలాలి. ఇలా రామ్మా, ఈ పేజీ చదువు” అని కెజియా ముందు ఒక పుస్తకం పెట్టారు.

కెజియా నోరు తెరిచింది. “వ... వ... వ...” అంతే! మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్లలో నీళ్లు. లోహిత్ జాలిగా తల పక్కకు తిప్పుకున్నాడు. అయిపోయింది, పిల్లకు చదువు రాదని రాసేస్తారు... ఇందు అనుమతి అడగలేదు. లేచి వెళ్లి కూతురి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రోజూ ఇంట్లో పాఠానికి ముందు చేసినట్టే, చర్చిలో పాటకు వేసే తాళం బల్ల మీద వేళ్లతో మెల్లిగా వేసింది. తక... తక... తక...

కెజియా ఆ తాళం మీద ఒక్కో మాటా నిలబెట్టుకుంటూ చదివింది. పేజీ మొత్తం! అడక్కుండానే రెండో పేజీ కూడా తిప్పింది.

“ఈ తాళం ఎవరు నేర్పారమ్మా నీకు?” కళ్లజోడు తీసి అడిగారు త్రినాధరావు గారు.

“ఎవరూ లేదు సార్. పాటలప్పుడు దానికి నత్తి రాదు. అది చూసి... నేనే.”

“ఇదే మా పోరాటం సార్! మా హక్కు కోసం హైకోర్టు దాకా...” నూకరాజు అందుకున్నాడు.

“నువ్వుండరా!” కొడుకును కసిరింది తలుపులమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కోడలి దగ్గరికొచ్చింది. “పనీపాటా లేదని ఇన్నాల్లూ ఆడిపోసుకున్నాను తల్లీ! దేవుని పని దేవుని పనని ఊరంతా సెప్పుకున్నానే గానీ, అది సేత్తన్నది నువ్వని తెలుసుకోలేకపోయేను. బాబుగారూ, తప్పు నాది. కావాలంటే నన్నట్టుకెల్లండి. దీని నుంచి దాన్ని ఇడదియ్యకండి!” అంటూ వంగి కోడలి చేతులు పట్టేసుకుంది. ఇందు ఆ చేతుల మీద మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

త్రినాధరావు గారు చాలాసేపు ఫారం తిరగేశారు. బడి మానడానికి కారణాలు వలస, పెళ్లి, పని, అనారోగ్యం... ఇంట్లో చదువు అనే గడి ఎక్కడా లేదు. చివరికి పని అన్నది కొట్టేసి, అంచున ఖాళీలో తన చేత్తో రాశారు. ‘తల్లి వద్ద ఇంట్లో చదువుచున్నది.’

“నా చేతిలో ఉన్నది ఇంతేనమ్మా. దీన్ని పైకి పంపుతాను. ఒప్పుకోవచ్చు, బడిలో వెయ్యమనీ అనొచ్చు. అంతవరకూ మూడు నెలలకోసారి లోహిత్ వచ్చి చూస్తాడు.”

నూకరాజు కింద పడ్డ కాగితాలు ఏరుకుని, ఫైలును భార్య చేతికిచ్చాడు. “కోర్టుకెళ్లాలో వద్దో నువ్వు చెప్పు ఇందూ. నువ్వు కాదంటే లేదు” అన్నాడు మెల్లిగా. ఆ మాట కోసం ఇందు ఎంతగా ఎదురుచూసిందో ఆయనకేం తెలుసు!

మూడు నెలలైంది. పైనుంచి జవాబు రాలేదు. గేటు చప్పుడైతే చాలు, ఇందు పాఠం ఆపేసి పిల్ల చెయ్యి పట్టుకుంటుంది. ఇవాళ వచ్చినవాడు లోహితే.

“మామ్మగారూ, మీ ఇంట్లో ఎవరెవరు...”

“నన్నేటీ అడక్కు నాయనా! మా కోడల్ని అడుగు” అని దండం పెట్టేసింది తలుపులమ్మ.

లోహిత్ నవ్వి ఇందు వైపు తిరిగాడు. “మీరు చేసే పని ఏంటమ్మా? గృహిణి అని రాసేనా?”

ఇందు తల ఊపబోయింది. గిన్నెలు తోముతున్న అత్తగారు అక్కడి నుంచే కేకేసింది.

“టీచరని రాయి బాబూ! జీతం పైన ముడతాదని మాత్రం రాయకు!”

కెజియా కిలకిలా నవ్వింది. ఇందు కూడా నవ్వింది గానీ, లోహిత్ గేటు వేసుకుని వెళ్లేదాకా పిల్ల చెయ్యి వదల్లేదు.