అర్జీలో మొదటి పేరు

హాంకాంగ్, 1997 జూన్. జెండా మారడానికి ఇంకా పన్నెండు రోజులు.

"మీవాళ్ళ బ్రిటిష్ పాస్‌పోర్టు అర్జీలు, బెయిన్స్," అన్నాడు చీఫ్ విట్‌కోంబ్. "నాలుగు వందల కుటుంబాలవి. మన రోజలీనా వాటిని ఫిల్ము తీసి మకావు ముఠాకి అమ్ముతోంది. డబుల్ ఏజెంట్. ఆ పేర్లతో దొంగ అర్జీలు ముందు పడితే అసలువాళ్ళవి చెత్తబుట్టకే."

మిగతాది ఏజెంట్ కృపాల్ సింగ్ బెయిన్స్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. చైనా రక్తం లేనివాళ్ళని చైనా తనవాళ్ళనదు. బ్రిటన్ కూడా కాదంటే, ఇక్కడే పుట్టి పెరిగిన సిక్కులకి ఏ దేశమూ మిగలదు. సంతకానికి పిలిచే పేర్ల జాబితాలో అతని బాబాయి మెహర్ సింగ్ ఉన్నాడు. కృపాల్ లేడు. బాబాయి నడిపే అర్జీల కమిటీ మీద రహస్యంగా రిపోర్టులు రాసినందుకు అతనికి ఆరేళ్ళ క్రితమే బ్రిటిష్ పాస్‌పోర్టు ముట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"బేరం ఎక్కడ?"

"మీ గురుద్వారాలో, మధ్యాహ్నం భోజనాల దగ్గర. కోడ్‌వర్డ్, 'పప్పులో ఉప్పు తగ్గింది'. ఫిల్ము ఆమె చెప్పు మడమలో ఉంటుంది."

కృపాల్ చెప్పుల కౌంటర్లో గుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. తప్పు చేసినవాడు పదిమంది చెప్పులు తుడవడం వాళ్ళ ఆచారం. చీఫ్ దీన్ని మారువేషం అన్నాడు గానీ, అతనికి అలా అనిపించలేదు.

రోజలీనా ఎర్ర హైహీల్స్‌లో దిగింది. ఆరు భాషలు తెలిసిన మనిషికి ఈ గుమ్మం సంగతి మాత్రం తెలియదు.

"వీటితోనే వెళ్తాను."

"కుదరదు మేడమ్. టోకెన్ తీసుకోండి."

వెనక క్యూ పెరుగుతోంది. విడవక తప్పలేదు.

మడమ మొండికేసింది. తిప్పాడు, రాలేదు. లోపల్నుంచి ఆమె ముఠావాడితో కలిసి వచ్చేస్తోంది. మరోసారి బలంగా తిప్పాడు; ఆమె టోకెన్ చాచేసరికి మడమ మళ్ళీ బిగిసింది, ఫిల్ము కృపాల్ గుప్పిట్లో ఉంది. మెట్ల మీద ముఠావాడు ఖాళీ మడమ తెరిచి తిట్టేలోగా మఫ్టీ పోలీసులు ఇద్దరికీ బేడీలు వేశారు.

వాళ్ళని అప్పగించి తిరిగొచ్చేసరికి గుమ్మంలో బాబాయి ఉన్నాడు.

"సాయంత్రం అయిదులోగా వెళ్ళి పాస్‌పోర్టు కాగితాల మీద సంతకం పెట్టమన్నార్రా. పెట్టను."

"అదేంటి బాబాయ్?"

"జాబితాలో నీ పేరు రాలేదు. నీకు లేని దేశం నాకెందుకు?"

గడియారం నాలుగు దాటింది.

"నాకు ఆరేళ్ళ క్రితమే వచ్చింది బాబాయ్. మీ కమిటీ గుట్టు వాళ్ళకి చేరవేసినందుకు."

మెహర్ సింగ్ తలపాగా సర్దుకుని, సంతకానికి బయల్దేరుతూ అన్నాడు.

"చిన్నవాడివి కదాని కమిటీ పంపిన ప్రతి అర్జీలో మొదటి పేరు నీదే రాశానురా. దొరలు ఎంత నవ్వుకున్నారో."