వచ్చే నెల పన్నెండో తారీఖు

పాపాయమ్మకి ఆ రోజు కూడా నాలుగింటికే మెలకువ వచ్చేసింది. పన్నెండేళ్లు కువైటులో ఒకరింట్లో వంటా, గుడ్డలూ, పిల్లలూ చూసిన ఒళ్లు. దానికి అలారం అక్కర్లేదు. లేచి వాకిలి ఊడవబోతే అత్తగారు అప్పాయమ్మ వచ్చి చేతిలో చీపురు లాక్కుంది.

"నువ్వు కూర్చోవే తల్లీ. కోడలొచ్చి మూడు నెల్లు కాలేదు, అప్పుడే చాకిరీ చేయిస్తోందని ఊరంతా నన్ను ఆడిపోసుకుంటారు."

"ఊరికే కూర్చుంటే తోచట్లేదత్తా."

"తోచకపోతే టీవీ పెట్టుకో."

అప్పాయమ్మ చెడ్డది కాదు. కొడుకు పోయాక, కోడలు పొట్ట చేత పట్టుకుని దేశం కాని దేశం వెళ్లాక, ఎనిమిదేళ్ల మనవరాలు గాయత్రిని రెక్కల కింద పెట్టుకుని పెంచిన మనిషి. ఇప్పుడు కోడలు తిరిగొస్తే ఆవిడకి తెలిసిన మర్యాద ఒక్కటే, కూర్చోబెట్టి పెట్టడం. అలా పెట్టి పెట్టి పాపాయమ్మని తన ఇంట్లోనే చుట్టాన్ని చేసేసింది.

ఏడున్నరకి ఇల్లంతా గాయత్రి హడావుడే. ముమ్మిడివరం నుంచి వచ్చే బస్సు ఎనిమిదింటికి తమ ఊరి స్టాపులో ఆగుతుంది. అది దాటితే అమలాపురం గడియార స్తంభం దగ్గర తను పనిచేసే బ్యూటీ పార్లరుకి ఆలస్యమైపోతుంది.

"మామ్మా, నా చున్నీ ఏదీ? మామ్మా, క్యారేజీ కట్టేవా?"

చున్నీ పాపాయమ్మ పక్కనే కుర్చీ మీద ఉంది. తీసి ఇచ్చింది. గాయత్రి అందుకుని, "థాంక్స్" అని గబగబా బయటికి నడిచింది.

కన్నకూతురు పరాయివాళ్లకి చెప్పినట్టు థాంక్స్ చెప్పి వెళ్తుంటే పాపాయమ్మ గుమ్మంలో నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చూసింది. ఈ మూడు నెలల్లో ఆ పిల్ల తనని ఒక్కసారి కూడా పిలవలేదు. పలకరిస్తే పలుకుతుంది, అడిగితే చెప్తుంది. పిలవడం మాత్రం పిలవదు.

బస్సు వెళ్లిపోయాక పాపాయమ్మ కూడా మంచి చీర కట్టుకుంది. రెండ్రోజుల క్రితం ఏజెంటు మాణిక్యాలరావు వచ్చి మాట్లాడి వెళ్లిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"కువైటులో పనికి కొత్త ఇల్లు దొరికిందమ్మా పాపాయమ్మగారూ. కాకపోతే ఆ మేడంకి ముసలోళ్లు వద్దంట. మీకు నలభై నాలుగేగానీ మొహం కాస్త వడిలిపోయింది, ఏమనుకోకండి. టౌన్లో పార్లరుకెళ్లి ఫేషియల్ చేయించుకుని, ఆ కళ పోకుండానే ఫోటో దిగెయ్యండి. శుక్రవారానికల్లా నాకిస్తే మిగతాది నేను చూసుకుంటాను. ఈ నెలాఖరుకి విమానం ఎక్కేస్తారు."

పాపాయమ్మకి తెలిసిన పార్లరు ఒక్కటే. ఆ మాట నిజమే. ఇంకో నిజం కూడా ఉంది, దాన్ని ఆవిడ తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఫేషియల్ అంటే మొహం మీద చెయ్యి వేస్తారు కదా. వెళ్లిపోయేలోపు కూతురి చెయ్యి ఒక్కసారి తన మొహానికి తగిలితే చాలనుకుంది.

పార్లరు మేడ మీద. మెట్లెక్కి తలుపు తోసేసరికి యజమానురాలు ఝాన్సీ నవ్వుతూ ఎదురొచ్చింది.

"రండమ్మా, రండి. లోపలికి రండి. థ్రెడింగా, ఫేషియలా?"

"ఫేషియలండీ."

ఒకావిడ కనుబొమ్మలు దారంతో తీస్తున్న గాయత్రి అద్దంలోంచి తల్లిని చూసింది. దారం పళ్ల మధ్యే ఉండిపోయింది.

"ఏం గాయత్రీ, తెలిసినావిడా?" అంది ఝాన్సీ.

గాయత్రి దారం తీసింది. "మా ఊరావిడండీ," అంది.

పాపాయమ్మ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచు మీద కూర్చుంది. పార్లరులో ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆవిడకి మాత్రం చెమట పట్టింది.

"ఎవరి పెళ్లమ్మా?" ఝాన్సీ అడిగింది.

"పెళ్లి కాదండీ. ఫోటో దిగాలి. మళ్లీ కువైటు వెళ్తన్నాను. అక్కడి మేడంకి చూపించాలని ఏజెంటుగారు అడిగేరు. మొహం కళగా ఉండాలంట."

"అంతేనా! బ్లీచ్ వేసి గోల్డ్ ఫేషియల్ చేసేద్దాం. పెళ్లికూతుళ్లకి అదే చేస్తాం మేము. మెట్లు దిగేసరికి మీ ఏజెంటు గుర్తుపట్టడు."

గాయత్రి కనుబొమ్మలావిడని పంపించి వచ్చింది. మొహం ఎర్రబడింది కానీ గొంతు మామూలుగానే ఉంది. "ముందు స్కిన్ చూద్దామండీ," అని టిష్యూ కాగితం చిన్న ముక్కలుగా చింపింది. తల్లి నుదుటి మీద ఒకటి, ముక్కు మీద ఒకటి, గడ్డం మీద ఒకటి, బుగ్గల మీద రెండు అద్ది, ఒక్కోటీ తీసి కిటికీ వెలుతురుకి పట్టింది. మొదటి మూడూ నూనె పీల్చుకున్నాయి, వాటిలోంచి అవతలివైపు కనబడుతోంది. బుగ్గల మీదవి పొడిపొడిగా, అద్దనట్టే ఉన్నాయి.

"కాంబినేషన్ స్కిన్నే," అంది ఝాన్సీ తొంగిచూసి. "అచ్చం నీలాగే గాయత్రీ! నుదురూ ముక్కూ జిడ్డు, బుగ్గలు ఎండు. నువ్వు ట్రైనింగులో చేరినప్పుడు నీ మొహం మీదే కదా ఇదంతా నేర్పించాను."

గాయత్రి టిష్యూ ముక్కలు ఉండచుట్టి బుట్టలో పడేసింది.

"ఈ బుగ్గలకి బ్లీచ్ వేస్తే మండిపోతాయండీ," అంది గాయత్రి. "గోల్డ్ క్రీముతో మసాజ్ చేస్తే నుదుటి మీద పొక్కులొస్తాయి. మొహం మధ్యలో అంతా క్లీనప్ చేసి ముల్తానీ మట్టి వేస్తాను. బుగ్గలకి వేరే, తేనె, మీగడ."

"అది మంచిదే. కానీ ఫోటోలో ఏం తేడా తెలుస్తుంది?"

"ఒక్కసారికి తెలీదండీ. నెలకోసారి చొప్పున ఐదారు సిట్టింగులు కావాలి."

"నాకు అన్ని నెలలు లేవమ్మా," అంది పాపాయమ్మ నెమ్మదిగా. "శుక్రవారం ఫోటో ఇచ్చెయ్యాలి."

గాయత్రి ఒక్క క్షణం ఆవిడ కళ్లలోకి చూసింది. తర్వాత కర్టెన్ పక్కకి లాగింది. "లోపలికొచ్చి పడుకోండి," అంది, వచ్చిన వాళ్లందరితో అన్నట్టే.

పాపాయమ్మ కళ్లు మూసుకుంది. చల్లటి పాలలాంటిదేదో మొహం మీద పడింది, దాని వెనకే పది వేళ్లు. నుదుటి మీద గుండ్రంగా, ముక్కు పక్కన కిందికి, గడ్డం చుట్టూ. ఎంత నేర్పు! ఈ వేళ్లకి పలక మీద దిద్దించింది తనే. ఎప్పుడు ఇంత పెద్దవయ్యాయో తను చూడలేదు. నడుమ ఒక్కసారి వచ్చింది, పిల్లకి పదకొండేళ్లప్పుడు. నెల్లాళ్లుండి వెళ్లిపోయింది.

బుగ్గల దగ్గర వేళ్లు ఆగాయి.

"మొహానికి ఏం రాసేవారు?" గాయత్రి అడిగింది. అందర్నీ అడగాల్సిన ప్రశ్నే అది.

"ఏమీ రాసేదాన్ని కాదు."

"సబ్బు?"

"ఉన్న సబ్బు. ఒక్కోసారి గిన్నెల సబ్బే."

"ఒక్క క్రీము కూడా రాసుకోలేదా?"

"క్రీములు నీకు పంపేదాన్ని కదమ్మా."

వేళ్లు మొహం మీంచి లేచిపోయాయి. గిన్నెలో చెంచా తిప్పుతున్న చప్పుడు వినబడింది. ఆవిరి పట్టడం అయింది, క్లీనప్ అయింది. నుదుటి మీద చల్లగా మట్టి, బుగ్గల మీద తేనె. కళ్ల మీద తడి దూది.

"ఇది ఆరేదాకా మాట్లాడకూడదు. నవ్వకూడదు. కదిపితే ముడతలు పడతాయి," అంది గాయత్రి. "పదిహేను నిమిషాలు."

బయటికి వెళ్లిపోతుందనుకుంది పాపాయమ్మ. స్టూలు జరిపిన చప్పుడైంది. గాయత్రి అక్కడే కూర్చుంది.

"పదమూడో ఏట నాకు మొటిమలొచ్చేయి," అంది చిన్న గొంతుతో. "నుదుటి నిండా, ముక్కు నిండా. నువ్వు తెల్లమూత డబ్బాల్లో కోల్డ్ క్రీము పంపేదానివి, గుర్తుందా? మామ్మ రోజూ పొద్దున్నే అది తెచ్చి మొహమంతా పట్టించేది. 'మీ అమ్మ అక్కడ ఒళ్లు హూనం చేసుకుని పంపుతుంటే రాసుకోవడానికి నీకేం రోగమే' అనేది. రాసుకున్నకొద్దీ చీము పట్టేవి. స్కూల్లో నన్ను పనసకాయ అనేవారు. నా పేరే పనసకాయ."

పాపాయమ్మ పెదవులు కదలబోయాయి.

"మాట్లాడకూడదన్నాను కదా. నువ్వు ఎస్‌టీడీ బూత్‌కి ఫోన్ చేసి క్రీము బాగుందా అని అడిగేదానివి. మామ్మ నా డొక్కలో పొడిచేది. బాగుందమ్మా అనేదాన్ని. నువ్వు సంతోషపడి ఇంకో రెండు పంపేదానివి. మన ఊళ్లో స్టూడియో వరప్రసాదం గారు నా ఫోటోకి టచింగ్ చేసి మొటిమలన్నీ తీసేసేవారు. ఆ ఫోటోలే నీకొచ్చేవి. నువ్వక్కడ చూసుకుని మురిసిపోయింది నా మొహం కాదు, వరప్రసాదం గారు దిద్దింది."

బయట ఎవరో నవ్వారు. టెలిఫోను మోగి ఆగిపోయింది.

"నాన్న పోయిన ఏడాదే నువ్వెళ్లిపోయేవు. బస్సెక్కుతూ ఏమన్నావు? రెండేళ్లలో వచ్చేస్తానమ్మడూ అన్నావు. నేను నమ్మేను. ఈసారి నువ్వొచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను, ఈవిడ మళ్లీ ఎప్పుడెళ్తుందా అని. అందుకే నిన్ను పిలవట్లేదు. పిలిస్తే అలవాటైపోతుంది. అలవాటయ్యాక నువ్వెళ్లిపోతే నేను మళ్లీ మొదట్నుంచీ ఏడవాలి. అంత ఓపిక నాకు లేదు. ఇవాళ ఏమో సింగారించి పంపమని నా దగ్గరికే వచ్చేవు. నా చేతుల్తోనే పంపించమంటావా? అంత రాయి ఎలా అయిపోయేవే నువ్వు?"

దూది కింద నుంచి కన్నీళ్లు రెండు పక్కలా చెవుల్లోకి కారుతున్నాయి. తేనె కరిగి మెడ మీదకి జారింది.

"ఏడవకూడదు. ప్యాక్ పాడై..." గాయత్రి మాట సగంలోనే ఆపేసింది. టైము కాకుండానే స్పాంజి తడిపి గబగబా మట్టి తుడిచేసింది.

పాపాయమ్మ లేచి కూర్చుంది. సగం తుడిచిన మొహంతోనే కూతురి చెయ్యి పట్టుకుంది.

"చలికాలంలో నీ బుగ్గలు పగిలి నెత్తురొచ్చేది అమ్మడూ. వెన్న రాస్తే మండుతుందని నా కొంగులో మొహం దాచుకునేదానివి. నేనెళ్లినప్పుడు నీ మొహం అదే. పన్నెండేళ్లూ నాకు గుర్తున్నదీ అదే. డబ్బా కొన్నప్పుడల్లా ఆ బుగ్గలకే కొనేదాన్ని. నుదురు సంగతి నాకెవరూ చెప్పలేదే. తెలిస్తే ఆ డబ్బాలన్నీ సముద్రంలో పారేసేదాన్ని కాదూ?"

"చెప్తే బాధపడతావని మామ్మ చెప్పనిచ్చేది కాదు."

"నేను రాయినయ్యి వెళ్లట్లేదమ్మా. అక్కడ రోజుకి వందసార్లు పిలిచేవారు. తిట్టడానికైనా పిలిచేవారు. ఇక్కడ మీ మామ్మ చీపురు ముట్టుకోనివ్వదు. నువ్వు నా వంక చూడవు. మీ ఇద్దరి మధ్యా నేను అడ్డంగా కూర్చున్నానేమో అనిపించింది. పని లేని ఇంట్లో ఎన్నాళ్లుంటాను? అందుకే సరేనన్నాను. పోవాలని కాదు."

గాయత్రి స్టూలు మీంచి జారి తల్లి ఒళ్లో మొహం పెట్టేసింది. ఎనిమిదేళ్లప్పటిలా కొంగులోకి. పాపాయమ్మ వేళ్లు ఆ నుదుటి మీద తడుముతూ పోయాయి. పాత మొటిమల గుంటలు ఒక్కొక్కటే చేతికి తగిలాయి. తను లేని ఏళ్లు అవన్నీ.

చాలాసేపటికి కర్టెన్ పక్కకి లాగి ఇద్దరూ బయటికొచ్చారు. కర్టెన్ ఎంత పల్చనో ఝాన్సీకి తెలుసు. ఆమె కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఏమీ ఎరగనట్టు అపాయింట్‌మెంట్ పుస్తకం ముందుకి లాక్కుంది.

"మీ ఊరావిడ పేరేం రాయను గాయత్రీ?"

"పాపాయమ్మ అని రాయండి," అంది గాయత్రి. "మా అమ్మండీ."

"రెండో సిట్టింగ్ ఎప్పుడు?"

"వచ్చే నెల పన్నెండు."

ఝాన్సీ కలం ఎత్తి పట్టుకుని పాపాయమ్మ వైపు చూసింది. "రాసెయ్యమంటారా అమ్మా? రాస్తే మళ్లీ కొట్టెయ్యడం ఉండదు."

పాపాయమ్మ కూతురి వైపు చూసి తలూపింది. "ఆయ్, రాసెయ్యండి," అంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిది కావస్తుండగా మాణిక్యాలరావు స్కూటరు వాకిట్లో ఆగింది. "ఫోటో అయ్యిందా అమ్మా? ఓ రోజు ముందిచ్చేస్తే నాకూ సుఖం," అన్నాడు దిగకుండానే.

"దిగలేదండీ," అంది పాపాయమ్మ. "నెలాఖరుకి నాకు కుదరదండీ. వచ్చే నెల పన్నెండున అమలాపురంలో పనుంది."

"పదమూడునైతే?"

"ఆ పై నెల పన్నెండున కూడా ఉందండీ."

మాణిక్యాలరావు అర్థంకానట్టు చూస్తుండగానే లోపల్నుంచి కేక వినబడింది.

"అమ్మా! నా దువ్వెన ఏదీ? బస్సొచ్చేస్తోంది!"

వంటింట్లో అప్పాయమ్మ అలవాటుగా లేవబోయింది. సగం లేచి, ఆ పిలుపు తనది కాదని తెలుసుకుని, పీట మీద మళ్లీ కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వస్తున్నానమ్మడూ!" అని మాణిక్యాలరావుని వాకిట్లోనే వదిలేసి పాపాయమ్మ లోపలికి పరిగెత్తింది.