బండరాయికి రోజుకో కథ

"ఒక రాక్షసుడు, తను ప్రేమించిన పిల్ల కాదందని కోపమొచ్చి, ఆ కొండ మీంచి విసిరేసిన రాయండీ ఇది," అని గైడమ్మాయి మైకులో చెబుతూ ఉండగా టూరిస్టు బస్సు చివరి సీట్లోంచి ఒక చెయ్యి లేచింది.

బడిపిల్లలు లేపినట్టు నిటారుగా లేచిన చెయ్యి. ఆ చేతి తాలూకు మనిషికి మాసిన గడ్డం, బురద బూట్లు, ఒళ్ళో పొడుగాటి ఇనుప గొట్టం.

"అది అబద్ధమండీ. ఆ రాయిని మంచు తెచ్చింది."

బస్సంతా వెనక్కి తిరిగింది. లోయ మధ్యలో ఇల్లంత బండరాయి. దాన్ని మంచు మోసుకురావడమేమిటని ఒకాయన అడిగాడు. అడగడమే పాపమైంది. పైన కొండల్లో పడిన మంచు ఎండాకాలంలో కూడా పూర్తిగా కరగదనీ, దాని మీద ఏటేటా కొత్త మంచు పడి, పై బరువుకి అడుగుది నలిగి, లోపలి గాలి పోయి గడ్డకడుతుందనీ, బాగా మందమయ్యాక తన బరువుకి తనే నత్తలా కిందికి జరుగుతుందనీ, దాన్నే మంచునది అంటారనీ, అది దారిలో రాళ్ళని పెకలించి, కొండల్ని గీకి, ఇరుకు లోయని వెడల్పు చేసి, చివరికి కరిగిపోతూ మోసుకొచ్చినవన్నీ ఎక్కడివక్కడ వదిలేస్తుందనీ అతను చెప్పుకుంటూ పోయాడు. ముగిసేసరికి సగం బస్సు నిద్రపోయింది.

అతను దిగేటప్పుడు ఆమె మెట్టు దగ్గర అడ్డంగా నిలబడింది.

"సార్, ఈ బస్సులో అబద్ధాలు చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. మీరు టికెట్ కొన్నారు. కూర్చుంటే చాలు."

అతను టికెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూసి, నోరు మూసుకోవాలని దీని మీద ఎక్కడా రాయలేదండీ అన్నాడు.

బస్సు నడిపేది ఆమె తండ్రి. ఇంట్లో మాటలన్నీ కూతురికే రాసిచ్చేసినట్టు ఆయన నోరు విప్పడం అరుదు. ఏం జరిగినా తల మీదున్న అద్దంలోంచి చూసి ఊరుకుంటాడు. ఇదీ చూసి ఊరుకున్నాడు.

అతను పైన ఉన్న మంచునదిని ఆ గొట్టం దింపి కొలవడానికి వచ్చిన పరిశోధకుడు. పైకి వెళ్ళేది ఈ బస్సొక్కటే. కాబట్టి మర్నాడు కూడా తగలడ్డాడు. ఆమె అతనికి మంచు మాస్టారని పేరు పెట్టి, కథ మార్చింది. పెళ్ళిలో అలిగిన అల్లుడు ఎవరూ బతిమాలకపోయేసరికి కూర్చుని కూర్చుని రాయైపోయాడంది. చెయ్యి లేచింది. ఈ జాతి రాయి ఈ లోయలోనే లేదనీ, ఇది ఆ పైకొండ రాయనీ మాస్టారు అన్నాడు.

"అవును సార్, అల్లుడిది ఆ పైకొండే," అంది ఆమె.

బస్సు ఘొల్లుమంది. మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ పోట్లాట కోసమే జనం ఎక్కడం మొదలుపెట్టారు. ఆమె పొద్దున జడ వేసుకుంటూ ఆ రోజు అబద్ధాన్ని అల్లుకునేది. అబద్ధం ఎంత పెద్దదైతే చెయ్యి అంత తొందరగా లేచేది. అసలు ఆ చెయ్యి కోసమే అల్లుతున్నానని ఆమె ఎవరితోనూ అనలేదు, జడ వేసుకునే అద్దంతో కూడా.

ఒకరోజు చంద్రుడు తుమ్మితే ఊడిపడిన ముక్క అంది. చెయ్యి లేవలేదు. అందరూ వెనక్కి చూశారు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

బస్సు ఆగాక ఆమె వెంటపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. పని అయిపోయిందనీ, ఇక వెళ్ళిపోవాలనీ చెప్పాడు. తను చదువుకునే రోజుల్లో మంచు మీద నిలబడిన చోట ఇప్పుడు నీటిమడుగు ఉందట. తెల్లటి మంచు ఉన్నంతకాలం ఎండని చాలావరకు వెనక్కి కొడుతుంది. అది పోతే నల్లరాయి వేడిని పీల్చుకుంటుంది, ఆ వేడికి పక్కనున్న మంచూ కరుగుతుంది.

"ఇదంతా అంకెల్లో రాసి పంపుతాను. ఎవరూ చదవరు. మీరు చెబితే వింటారు. మీరేమో అల్లుడి కథ చెబుతారు."

"ఐతే నాకు చూపించండి," అంది ఆమె. ఆ రోడ్డు మీదే పెరిగినా, బస్సు తిరిగే మలుపు దాటి ఏనాడూ పైకి వెళ్ళలేదు.

అతని వెంట పైకెక్కి చూస్తే, పాలలా ఉంటుందనుకున్న మంచు మసిగుడ్డలా ఉంది. అడుగున ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. దాని అంచున కొత్తగా బయటపడిన రాతినేల మీద పొడుగాటి గీతలు. ఇవేమిటని అడిగింది. మాస్టారు ముఖం ఏమాత్రం మారకుండా చెప్పాడు.

"బస్సులో ఎవడో తన కథ పాడుచేస్తున్నాడని ఒకమ్మాయి కోపంతో గోళ్ళతో గీకిందట. పాపం, వాడు ఆ గొంతు వినడానికే ఎక్కేవాడట. పైన పనిలేని రోజు కూడా."

ఆమె వంగి ఒక గీతని వేలితో తడిమింది. తర్వాత మెల్లగా చెయ్యెత్తింది.

"అది అబద్ధం సార్. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్ళు గీసినవి ఇవి."

"మొదటి సగం అబద్ధమేనండీ," అన్నాడు.

కింద తండ్రి హారన్ కొట్టాడు. ఆమె ఎర్రబడ్డ ముఖంతో పరుగెత్తింది.

మర్నాడు బండరాయి దగ్గర ఆమె జరిగిన కథే చెప్పింది. కొండ మీద హాయిగా ఉన్న రాయిని మంచు ఎలా ఎత్తుకొచ్చిందో, ఎలా నడిమధ్యలో దించేసి తను మాత్రం కరిగి జారుకుందో తన తీరులోనే చెప్పింది. ఒక్కరూ నిద్రపోలేదు. ఆ మంచు ఇప్పుడెలా ఉందో ఈయన చెబుతారంటూ మైకు మాస్టారికి ఇచ్చింది. అతను ఈసారి అంకెల జోలికి పోకుండా క్లుప్తంగా ముగించి, చలికాలమంతా ఇక్కడే ఉండి దాన్ని చూసుకుంటానని ఆఫీసుకి చెప్పేశానన్నాడు.

దారి మూసేసే చలిలో ఇక్కడేముంది నాయనా అని వెనక నుంచి ఒక ముసలావిడ అడిగింది.

మాస్టారికి అబద్ధం చెప్పడం ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు. చేతిలో మైకు ఉంది. "ఈవిడ ఉన్నారండీ," అన్నాడు.

బస్సు ఆగింది. తండ్రి బ్రేకు లాగి, లేచి వచ్చాడు.

"ఉండడానికి గది చూసుకున్నావా బాబూ?"

"లేదండీ."

"మా పక్కింటి మేడ మీద ఖాళీ ఉంది. పక్కిల్లే. మా ఇల్లు కాదు." ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకిష్టమేనా అమ్మలూ? మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. కథలొద్దు, ఉన్నది చెప్పు."

ఆమె తల వంచుకుని "ఊ" అంది.

ఏమందో వినపడలేదని ముసలావిడ గొణిగింది. మాస్టారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె దాన్ని లాక్కుని, మళ్ళీ చెప్పింది.