తోక తెగిన తొమ్మిది గంటలు

తలుపు తట్టి లోపలికొచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నేను నిద్రపోలేదండీ," అంది మొట్టమొదటి మాటగా. "పోలేదనే అనుకుంటున్నాను. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం పోతోంది."

డిటెక్టివ్ నెమ్మదస్తుడు. తెలిసినవాళ్ళంతా ఆయన్ని తాబేలంటారు, ఎదురుగా కాదు లెండి. ఆయన అసిస్టెంటు ఒకప్పుడు బీమా ఏజెంటు. ఎదుటివాళ్ళు ఏ సాకు చెప్పినా నమ్మేసి ఒక్క పాలసీ కూడా అమ్మలేకపోయాడు. ఆ నమ్మకమంతా తెచ్చి ఇప్పుడు డిటెక్టివ్ మీద పెట్టుకున్నాడు.

వచ్చినావిడ ఆపరేటరు. ఒంటరిగా బతికే ముసలివాళ్ళ ఇళ్ళల్లో ఆవిడ కంపెనీ ఒక బటన్ బిగిస్తుంది. రోజూ దాన్ని ఒకసారి నొక్కితే చాలు, మనిషి బాగున్నట్టు. చివరిసారి నొక్కి పూర్తిగా ఒక రోజు దాటితే ఆపరేటరు దగ్గర గంట మోగుతుంది. ఆవిడ ఫోన్ చెయ్యాలి. ఎత్తకపోతే అంబులెన్సు పంపాలి.

"నేను బాబాయిగారని పిలిచే ముసలి దర్జీ ఒకాయన రోజూ ఉదయం తొమ్మిదికి నొక్కుతారు. మొన్న పొద్దున్నే స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. నా దగ్గర గంట మోగింది మధ్యాహ్నం ఒంటిగంటకండీ. ఆ నిమిషమే ఫోన్ చేశాను, అంబులెన్సు పంపాను. రికార్డులో చూస్తే గంట తొమ్మిదికే మోగినట్టుంది. నాలుగు గంటలు గుర్రుపెట్టి నిద్రపోయావంటున్నాడు మేనేజరు."

"ఉద్యోగం పోతుందని భయమా?"

"ఉద్యోగం ఇంకోటి చూసుకుంటాను. ఆస్పత్రికి వెళ్తే బాబాయిగారు నన్ను చూసి గోడవైపు తిరిగిపోయారు." ఆవిడ కుర్చీ వీపుని ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆయనకి నా అన్నవాళ్ళు లేరండీ. నాకూ లేరు. ఏదో వంకతో రోజూ ఫోన్లో నాలుగు మాటలు చెప్పుకునేవాళ్ళం."

ఒంటరివాళ్ళకి ఒంటరివాళ్ళే కాపలా అన్నమాట. డిటెక్టివ్‌కీ ఇంట్లో ఎదురొచ్చే మనిషి లేడు కాబట్టి అది బాగానే అర్థమైంది.

"ఆఫీసుకి ఎన్నింటికి వెళ్తారు?"

"ఎనిమిదింటికి వాచ్‌మన్ తాళం తీస్తాడండీ. అప్పటికే నేను మెట్లమీద కూర్చునుంటాను. ఇంట్లో మాత్రం ఏముంది చెయ్యడానికి?"

ఆఫీసంటే పెద్ద హాలు, అందులో సగం ఖాళీ కుర్చీలే. మేనేజరు నోరున్న మనిషి. "నిప్పు లేనిదే పొగొస్తుందా సార్? కంప్యూటరు అబద్ధం ఆడదు కదా," అంటూ తెర చూపించాడు. ముందురోజు ఉదయం తొమ్మిదికి దర్జీ బటన్ నొక్కాడు. ఆ మర్నాడు నాలుగింటికి ఆపరేటరు డ్యూటీలోకి ఎక్కింది. తొమ్మిదికి గంట మోగింది. ఒంటిగంటకి ఆవిడ ఫోన్ చేసినట్టు మాత్రం టెలిఫోన్ కంపెనీ వాళ్ళ బిల్లులో ఉంది.

"సాక్ష్యాలన్నీ ఆవిడకి వ్యతిరేకంగానే ఉన్నాయి," అని గొణిగాడు అసిస్టెంటు దిగులుగా. డిటెక్టివ్ ఆ తెరని అన్నం తినే పిల్లాడి ముఖంలోకి చూసే తల్లిలా చూస్తున్నాడు.

మూలన అద్దాల గదిలో ప్రోగ్రామరు ఉన్నాడు. సన్నటి మనిషి, గడ్డం గీసుకుని రెండు రోజులయినట్టుంది. ఆ కంపెనీకి ఉన్నది ఆయన ఒక్కడే. రాసేదీ ఆయనే, తప్పులు వెతికేదీ ఆయనే.

"బటన్ నొక్కితే ఏం పంపుతుంది బాబూ?" అడిగాడు డిటెక్టివ్.

"తేదీ, టైము. అంతే."

"ఏ ఊరి టైము?"

"ఈ ఊరిదే. మనమంతా ఉండేది ఇక్కడే కదండీ."

"ఆ కబురు అందుకునే సర్వరో?"

"అది వేరే దేశంలో ఉంది. దాని లెక్కంతా ప్రపంచానికంతటికీ పెట్టుకున్న ఉమ్మడి టైములో. ఈ గల్ఫు దేశంలో మనం దానికి నాలుగు గంటలు ముందు, అందుకని తెర మీద ఈ ఊరి టైములోకి మార్చి చూపిస్తుంది."

"మరి పంపింది ఈ ఊరి తొమ్మిదో, ఉమ్మడి తొమ్మిదో దానికెలా తెలుస్తుంది?"

ప్రోగ్రామరు దొంగకి తేలు కుట్టినట్టు మొహం పెట్టి కీబోర్డు తుడవసాగాడు. జవాబు మేనేజరు ఇచ్చాడు. "పాత బటన్లు చివర్న ఏదో తోక తగిలించేవి సార్. ప్లస్ నాలుగు అనో ఏదో. పోయిన వారం కొత్త బటన్లు పెట్టాం, వాటికి ఆ గోల లేదు."

డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి పిలిచాడు, వాచ్‌మన్‌తో సహా.

"ఎప్పుడైనా ఈ తలుపు నాలుగింటికి తీశావా?"

"తెల్లారుజామునా? నా చేత కాదండీ. ఎనిమిదికే."

"తాళం వేసున్న ఆఫీసులోకి నాలుగింటికి ఎవరూ రాలేరు. అంటే ఆవిడ ఎక్కింది ఎనిమిదికే. ఆ వరసలో టైము నాలుగు గంటలు వెనక్కి జరిగింది. అదే పట్టికలో గంట మోగిన వరసా అంతే జరిగుంటే, అది నిజంగా మోగింది ఒంటిగంటకి. ఈవిడ చెప్పినట్టే."

"ఆహా!" అన్నాడు అసిస్టెంటు ఆపుకోలేక.

"ఈ టైములు ఎందుకు వెనక్కి జరిగాయి? కొత్త బటన్లు తోక లేకుండా తొమ్మిది అని పంపాయి. సర్వరు దాన్ని ఉమ్మడి టైమనుకుంది. ఉమ్మడి తొమ్మిదంటే ఇక్కడ ఒంటిగంట. దర్జీగారు ఒంటిగంటకి నొక్కారని నమ్మింది కాబట్టి మర్నాడు ఒంటిగంటదాకా గంట కొట్టలేదు. ఇంతవరకూ అది పొరపాటే. ఆ తర్వాత ఎవరో కంగారుగా పాత రికార్డులన్నిటినీ నాలుగు గంటలు వెనక్కి నెట్టారు. బటన్ వరసలు సరిపోయాయి. కానీ డ్యూటీ ఎక్కడం, గంట మోగడం సర్వరు తన గడియారంతో సరిగ్గానే రాసుకుంది. అవి చెడిపోయాయి. నేరం ఈవిడ నెత్తిన పడింది. ఆ రికార్డు మార్చగలిగిన చెయ్యి ఇక్కడ ఒక్కటే ఉంది."

అందరూ అద్దాల గదివైపు తిరిగారు. ప్రోగ్రామరు గుమ్మం దాటి ముందుకొచ్చాడు.

"చదవడానికి పొందిగ్గా ఉంటుందని తోక తీసేశానండీ. ఒక్కడైనా పక్కన కూర్చుని ఇదేమిట్రా అని అడిగుంటే నాకే తట్టేది. దర్జీగారు పడిపోయారని తెలిశాక కంగారుపడిపోయాను. తప్పు దిద్దేద్దామనుకున్నాను. ఇంకొకరి మెడకి చుట్టుకుందని మర్నాడు తెలిసింది. అప్పుడు నోరు రాలేదు."

"అడుసు తొక్కావు సరే, ఆ కాలు ఆవిడ చీరకి తుడిచావే," అన్నాడు డిటెక్టివ్. ఆయన గొంతులో కోపం కన్నా జాలే ఎక్కువుంది.

మేనేజరు క్షమాపణ మొదలుపెట్టేసరికి ఆపరేటరు అక్కడ లేదు.

ఆస్పత్రిలో దర్జీ ఆవిణ్ణి చూసి మళ్ళీ గోడవైపు తిరగబోయాడు. ఆవిడ మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పింది, తడబడుతూ, సగం ఏడుస్తూ. వెనకే వచ్చిన డిటెక్టివ్, అసిస్టెంటు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"అయితే నీకు తెలీదా?" అన్నాడు ముసలాయన.

"తెలీదు బాబాయిగారూ. ఒట్టు."

ఆయన పైకప్పు వైపు చూశాడు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"తొమ్మిది దాటగానే నీ ఫోన్ మోగుతుందని చెవులు రిక్కించుకుని పడున్నానమ్మా. పది అయింది. పదకొండు అయింది. ఎముక విరిగిన నొప్పి ఓర్చుకున్నాను. తెలిసి కూడా రాలేదు కాబోలు, ఈ ముసలాడి గోల వదిలిందనుకుంది కాబోలు అనుకున్నాను చూడు, అది ఓర్చుకోలేకపోయాను."

ఆవిడ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి ఆయన గోడవైపు తిరగలేదు.