ఇప్పుడు దించింది ఏది?

పొద్దున లేచేసరికే ఇంటి నిండా మసాలా వాసన. గోపన్‌పల్లిలోని ఆ ఫ్లాట్‌లో వంటగది చిన్నది. రాజమ్మ పొయ్యి ముందు నుంచి కదలడం లేదు. ఒక గిన్నెలో బోటి కూర, ఇంకో గిన్నెలో తలకాయ కూర ఉడుకుతున్నాయి. పక్కన జల్లెడలో గారెలు ఉన్నాయి. ఇంటి కోడలు కిరణ్మయి చల్లారినవాటిని ఒక్కొక్కటిగా డబ్బాల్లోకి సర్దుతోంది.

రాజమ్మ ఆ ఇంటి పెద్ద సాయిలుకు చెల్లెలు. ఆయన భార్య, తన వదిన భాగ్యమ్మ పోయిందని తెలిసి వచ్చిన మనిషి, ఇంకా తన ఊరికి తిరిగిపోలేదు. పోవడానికి లేకపోయింది. మూడోనాడు పిట్ట ముట్టలేదు. ఐదోనాడూ ముట్టలేదు. ఇవాళ మూడోసారి పెట్టబోతున్నారు.

పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, సమాధి దగ్గర విస్తరిలో పెట్టి, ఇంటివాళ్లు దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అది ముట్టేదాకా ఆ రోజు ఇంటివాళ్లు ముద్ద ముట్టరు. రెండుసార్లూ పొద్దు వాలేదాకా చూసి, విస్తరి కుక్కలకు వదిలేసి వచ్చారు.

సాయిలు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. షుగరు మనిషి. ఐదోనాటి నుంచి టీ నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. కొడుకు మహేశ్ మాత్రలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"నాయినా, జర రెండు ముద్దలు తిని గోలీలు ఏసుకో. డాక్టరు నన్ను తిడ్తడు."

"పిట్ట ముడితే తింట."

"ముట్టకపోతే?"

"ముట్టకపోతే ఇగ తినేదే లేదు. నేను గూడ ఆమె దిక్కే పోత."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అందుకే మహేశ్‌కు భయం వేసింది.

పోయినవాళ్లను పూడ్చే బొందలగడ్డ నానక్‌రామ్‌గూడలో ఉంది. చుట్టూ అద్దాల బిల్డింగులు లేచాయి, నడుమ ఆ కొంచెం జాగా మాత్రం మిగిలింది. భాగ్యమ్మ సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. రాజమ్మ విస్తరి పరిచి అన్నీ వడ్డించింది. పక్కన కల్లు సీసా పెట్టింది. అందరూ వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డారు.

కాకులు లేక కాదు. ఎదుటి బిల్డింగు అంచున వరసగా కూర్చున్నాయి. ఒకటి ఎగిరి ప్రహరీ మీద వాలింది. విస్తరి వైపు చూసింది, తల తిప్పుకుంది, మళ్లీ పైకే ఎగిరిపోయింది. ఎండ ముదిరింది. కూరల మీద నూనె పేరుకుంది.

"ఏందిరా గిది," అంది రాజమ్మ. "అన్నీ ఆమెకు ఇష్టమైనయే చేస్తిని గదా."

"అత్తా, అమ్మకు బోటి ఇష్టమని ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నాడు మహేశ్.

"మీ నాయిననే చెప్పిండు."

అందరూ సాయిలు వైపు చూశారు.

"ఇష్టమే గదా," అన్నాడు సాయిలు. "ఆదివారమొస్తే వండేది."

"వండేది సరే. తినేదా?"

సాయిలు విస్తరిలోని బోటి వైపు చూశాడు.

"మరి తలకాయ కూర?" అంది రాజమ్మ.

"అది నాకిష్టం," అన్నాడు మహేశ్ మెల్లగా. "నా కోసం చేసేది అమ్మ."

"గారెలు?"

ఆ మాట అడిగింది రాజమ్మ. తనే తలొంచుకుంది. "అవి నేనొచ్చినప్పుడు అడిగి చేయించుకునేదాన్ని," అంది.

అంతకాలం అందరికీ వండిపెట్టిన మనిషి ఏది ఇష్టంగా తినేదో ముగ్గురికీ తెలియదు. రాజమ్మకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎటు పోవాలో తెలియక కోడలి మీదికి పోయింది.

"నువ్వు చెప్పు పిల్లా. ఇంట్ల ఆమె ఎంబడి ఉన్నదానివి నువ్వే గదా. నోరు తెరవవేంది?"

కిరణ్మయి చేతిలోని డబ్బా మూత బిగించింది.

"ఎట్ల చెప్తది," అంది రాజమ్మే. "పక్కింటి నర్సయ్య పెండ్లాం నాకు అంతా చెప్పింది. మోకాళ్ల డాక్టరు కాడికని తీస్కపోతదట. అటునుంచి అటే కొత్తగూడల ఏదో హోటల్ల, ముసలిదాని చేతికి పళ్లెమిచ్చి లైన్ల నిలబెడతదట. ఇంటికొచ్చి వండుడు బరువైతది గదా ఆఫీసు దొరసానికి."

సాయిలు చెట్టుకు ఆనుకుని ఉన్నవాడల్లా నిటారుగా నిలబడ్డాడు.

"ఏం హోటలు? ఏం లైను?"

కిరణ్మయిది కర్నూలు దిక్కు. కోపంలో ఉన్నా, ఏడుపులో ఉన్నా గొంతు పెంచే మనిషి కాదు. "నిజమే మామా," అంది. "గురువారం గురువారం పోతాంటిమి."

"నా ఇంటి మనిషి పళ్లెం పట్టుకొని పెట్టుమని నిలబడ్డదా? నలుగురు చూసేటట్టు?"

"అక్కడ అందరూ అట్లనే నిలబడతారు మామా. సెల్ఫ్ సర్వీస్."

"మేము ఒకలకు పెట్టినోళ్లమే గాని పళ్లెం పట్టినోళ్లం గాదు. నీకు వండ చాతగాకపోతే చెప్తే అయిపోతుండె. గా సిగ్గుతోటే పోయింది అది. గందుకే పిట్ట ముడతలేదు."

"నాయినా, జర ఆపు," అన్నాడు మహేశ్.

"నువ్వు మాట్లాడకు. నీ పెండ్లానికి చెప్పు, ఇగ ఆ విస్తరి దగ్గరికి రావద్దని."

కిరణ్మయి ముఖం తెల్లబోయింది. భాగ్యమ్మ మంచంలో ఉన్నన్ని రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి ఒళ్లు తుడిచింది తనే. అయినా ఆ మాట ఎత్తలేదు.

"రాను మామా. కానీ మీరు ఒక్కసారి ఆ హోటలుకు రాండి. మీకు చెప్పద్దనింది అత్త. ఇన్ని దినాలు చెప్పలేదు. ఇంత మాట అన్నాక దాచి ఏం లాభం."

"వస్త," అన్నాడు సాయిలు. "నా పెండ్లాన్ని నిలబెట్టిన జాగ ఏదో నేను గూడ చూస్త."

నలుగురూ కారెక్కారు.

వెంకటరామయ్య హోటలు కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క సందులో ఉంది. ఆ చుట్టుపక్కల అన్నీ మారినా అది మారలేదు. తలుపు పక్కన కడిగిన స్టీలు ట్రేలు ఒకదాని మీద ఒకటి. ట్రే తీసుకుని స్టీలు పట్టీ మీద జరుపుకుంటూ పోవాలి. అద్దం వెనక పెద్ద పెద్ద గిన్నెలు, వాటి నుంచి ఆవిరి. మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న పిల్లలు, చేతిసంచులు పట్టుకున్న ముసలివాళ్లు అదే వరుసలో నిలబడ్డారు.

కిరణ్మయి ట్రే తీసి మామ చేతికిచ్చింది. అది ఇంకా తడిగానే ఉంది. సాయిలు దాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

గరిటె పట్టుకున్న మనిషి కిరణ్మయిని చూసి నవ్వాడు. "రండమ్మా. పెద్దమ్మగారు రాలేదా అండి? పొంగలి ఇప్పుడే దించాం."

కిరణ్మయి మామ వైపు చూసింది.

"రాలే," అన్నాడు సాయిలు. "ఆమె ఇగ రాదు."

గరిటె ఆగింది. ఆ మనిషి సాయిలు చేతిలోని ట్రేలో పొంగలి పెట్టి, మీద నెయ్యి వేసి, తల దించుకుని పక్కకు జరిగాడు.

నలుగురూ గోడ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. పిట్ట ముట్టలేదు కాబట్టి తినడానికి లేదు. నడుమ ఆ ఒక్క ట్రే ఉంది. పొంగలి నుంచి పొగలు లేస్తున్నాయి.

"ఇదేనా ఆమెకు ఇష్టం?" అన్నాడు సాయిలు.

"ఇదని కాదు మామా. మొదటిసారి వచ్చినపుడు అత్త శానా భయపడింది. ఏం తింటావత్తా అంటే చెప్పలేకపోయింది. బోర్డు మీద పేర్లన్నీ చదివి వినిపించినా. నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు బిడ్డా, నాకు తెల్వదు అనింది. వెనక లైన్లో పిల్లోళ్లు తొందర పెడతాండారు. అప్పుడు ఆ గరిటె పట్టుకున్నాయన్ని అడిగింది, ఇప్పుడు దించింది ఏది బిడ్డా అని. ఉప్మా అన్నాడు. ఉప్మా పెట్టించుకునింది. ఇంకోసారి పూరీ, ఇంకోసారి సాంబారన్నం. ఏదైనా సరే, పొగలు రావాల. అంతే."

సాయిలు లేస్తున్న పొగల వైపు చూశాడు.

"మొదటి ముద్దకే నోరు కాలింది. కండ్లలో నీళ్లొచ్చినాయి. నేను నీళ్ల గ్లాసు అందిస్తే వద్దని నవ్వింది. అత్తగారింటికి వచ్చినంక నా నోరు కాలుడు ఇదే మొదలు అనింది."

సాయిలుకు అన్నం పొగలు రాకపోతే పళ్లెం వెనక్కి తోసే అలవాటు. రొట్టె పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలో పడాలి. ఆయన తిన్నాక మహేశ్, వచ్చిన చుట్టాలు, పనివాళ్లు. చివరికి ఆమె. ఆమె తింటుంటే ఎట్లా ఉండేదో గుర్తుచేసుకోవాలని చూశాడు. ఆరిన పొయ్యి దగ్గర గిన్నె ఒళ్లో పెట్టుకుని అటు తిరిగి కూర్చున్న వీపు కనిపించింది. ఎంత తలచుకున్నా ముఖం కనిపించలేదు.

"నాకు చెప్తే ఏమైతుండె?" అన్నాడు. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"నేనూ అదే అడిగినా మామా," అంది కిరణ్మయి. "మీ మామ నన్నేమీ అనడు బిడ్డా, ఇంట్ల పెడతలేవా అని నిన్నంటడు అనింది అత్త."

సాయిలు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"మరి నాకన్న చెప్పకపోతివి," అన్నాడు మహేశ్.

"చెప్తే నువ్వూ వస్తానంటావు. వస్తే మళ్లీ నీకే ముందు పెట్టాల." కిరణ్మయి నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నేను కూడా అందరికీ పెట్టినాకే కదా తినేది. వారానికి నాకూ వేడన్నం ఆ ఒక్క పూటే."

రాజమ్మ ఏమంటుందో అని మహేశ్ అటు చూశాడు. ఆమె కుడి చేయి చాపి పొంగలి మీద ఆవిరికి అడ్డం పెట్టింది. చలి కాచుకున్నట్టు అట్లాగే ఉంచింది. కాసేపటికి ఆవిరి పలచబడింది. ఇంకాసేపటికి ఆగిపోయింది.

సాయిలు లేచాడు. "ఇంటికి పోనీరా. గిన్నె గావాలె, బియ్యం గావాలె."

మహేశ్ కారు తాళాలు తీశాడు.

మళ్లీ బొందలగడ్డకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దున పెట్టిన విస్తరి అట్లాగే ఉంది. సాయిలు దాన్ని తీసి పక్కన పెట్టించాడు. మూడు రాళ్లు తెచ్చి సమాధికి ఎదురుగా పొయ్యి చేశాడు. ఎండిన వేప పుల్లలు ఏరాడు. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. కిరణ్మయి రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. విస్తరి దగ్గరికి రావద్దన్న మాట ఆమెకు గుర్తుంది.

సాయిలు చూశాడు. "రా బిడ్డా. ఈడికి వచ్చి కూసో," అన్నాడు. "పని ముట్టకు. నీళ్లెన్ని పొయ్యాలెనో మాత్రం చెప్పు."

"వేలి గణుపు మునిగేదాకా మామా."

ఆయన వేలు ముంచి చూసుకుని నీళ్లు పోశాడు. పొగ కళ్లలోకి కొట్టింది. తుడుచుకుంటూ మంట ఎగదోశాడు. అన్నం ఉడికింది. అడుగు కొంచెం మాడింది. దించి, మూత తీసి, పొగలు పొగలుగా ఉన్న అన్నం కొత్త విస్తరిలో పెట్టి సమాధి దగ్గర ఉంచాడు. కూర లేదు. ఇంటి నుంచి తెచ్చిన ఇంత పప్పు, ఇంత నెయ్యి.

"భాగ్యా," అన్నాడు. విస్తరి ఇంకొంచెం ముందుకు జరిపాడు. "ఇప్పుడే దించిన," అన్నాడు.

తర్వాత ఇంకో విస్తరి తీసి, అన్నం పెట్టి కోడలి ముందుకు జరిపాడు.

రాజమ్మ ఉలిక్కిపడింది. "అన్నా, పిట్ట ఇంక ముట్టనే లేదు."

"ముడతదో ముట్టదో. దాని కోసం సూసుకుంట కూసుంటే అన్నం సల్లగైతది. తిను బిడ్డా."

"మామా, మీరు తినకుండా నేనెట్లా తినేది?"

"నేనన్న మాట తప్పు. ఆమెకు చెప్పుకుందామంటే లేదు. నీకు చెప్తున్న. తిను."

కిరణ్మయి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నోరు కాలింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, అంతసేపూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. మహేశ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. సాయిలు రెండో విస్తరి రాజమ్మకు పెట్టాడు. ఆమె తోడబుట్టినదానిలా కాక, ఇంటికొచ్చిన చుట్టంలా రెండు చేతులతో అందుకుంది. తర్వాత మహేశ్‌కు పెట్టాడు. వాళ్లు తింటుంటే ఒక్కొక్కరి ముఖం చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు మహేశ్ మెల్లగా, "నాయినా," అని సమాధి వైపు చూపించాడు. విస్తరి ఒక పక్కకు ఒరిగి ఉంది. మట్టి మీద మెతుకులు చెదిరి ఉన్నాయి. వచ్చింది కాకో, గోరింకో ఎవరూ చూడలేదు. కిరణ్మయి ఏడ్చినప్పటి నుంచి ఎవరూ సమాధి వైపు తిరగలేదు.

సాయిలు పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాడు. అప్పటికి నిప్పు ఆరిపోయింది. గిన్నె ఒళ్లో పెట్టుకుని అడుగున మిగిలింది గోకి తీశాడు. మాడిన అన్నం, చల్లగా ఉంది. దాన్ని మెతుకు వదలకుండా తిన్నాడు.