తెల్ల పాయ

గిన్నెలో నల్లరంగు, అక్క చేతిలో బ్రష్షు, అద్దం ముందు కుర్చీలో చెల్లెలు. నెలనెలా జరిగే తంతే. ఇంటి ముందుగదే వాళ్ల బ్యూటీ పార్లరు. షట్టరు ఎత్తి మొదటి గిరాకీ లోపలికి రాకముందే చెల్లెలి నుదుటి పైన మొలిచే తెల్ల పాయకి రంగు పట్టించెయ్యాలి. పుట్టినప్పటి నుంచీ ఆ పాయ ఉంది. చెల్లెలికి ఊహ తెలిసినప్పటి నుంచీ దానికి రంగు పూసేది అక్కే.

"మెల్లగా అక్కా! గోడకి సున్నం కొడుతున్నావా?"

"కదలకుండా కూర్చో తోకా. చెవికి అంటితే నన్ను అనకు."

చిన్నప్పుడు అక్క గౌను అంచు పట్టుకుని వదిలేది కాదని ఆ పేరు. యాభై దాటినా పేరు పోలేదు, అలవాటూ పోలేదు. పెళ్లయి వెళ్లినా పక్క వీధి దాటి వెళ్లలేదు.

ఈ రోజు అక్క ధ్యాస పని మీద లేదు. బ్రష్షు ఒకసారి నుదుటికి తగిలింది, ఒకసారి కనుబొమకి. వీధిలో ఏ ఫోను మోగినా గుమ్మం వైపు చూస్తోంది. ఫలితాలు ఏ క్షణమైనా రావచ్చని కూతురు నిన్ననే చెప్పింది.

కూతురు పాత రికార్డుల ఆఫీసులో పనిచేస్తుంది. పగలంతా చివికిన కాగితాలు స్కాన్ చేసి, సాయంత్రం ఇంటికొచ్చి అదే పని సొంతానికి చేసుకుంటుంది. ముత్తాతల ఓటర్ల జాబితాలు, స్కూలు గ్రూపు ఫొటోలు, ఆన్‌లైన్‌లో కొమ్మలు కొమ్మలుగా పెరుగుతున్న వంశవృక్షం. ఆ పిల్లకి 'సీఐడీ' అని పేరు పెట్టింది పిన్నే. పేరు పెట్టిన మనిషే ఆ పిచ్చిలో పీకల దాకా మునిగిపోయింది. ఫొటో కనిపిస్తే చాలు, భూతద్దం పట్టుకుని కూర్చునేది. "నా ముక్కు ఎవరిదే? ఈ పాయ ఎవరిదే?" ఎన్ని మొహాలు చూసినా ఒక్కటీ తన మొహంలా లేదు. చివరికి డీఎన్ఏ పరీక్ష చేయించమని తనే అడిగింది. తనదీ, పోల్చి చూడటానికి అక్కదీ, చెరో గొట్టంలో ఉమ్మి పంపితే చాలట.

అక్కకి ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. చెల్లెలిది తమ రక్తం కాదని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు తనొక్కతే. "దానికి తెలియనివ్వకు" అని అమ్మ పోయేముందు చేతిలో చెయ్యి వేయించుకుంది.

అందుకే ఆ పని చేసింది. గొట్టాలు వచ్చిన రోజు ఇద్దరూ చెరోదాంట్లో ఉమ్మారు. గిరాకీ పిలిస్తే చెల్లెలు ముందుగదిలోకి వెళ్లింది. అక్క రెండో గొట్టాన్ని సింకులో కడిగేసి, తన ఉమ్మితోనే మళ్లీ నింపింది. ఒకే మనిషి ఉమ్మి అయితే ఒకే రక్తమని వస్తుంది, అక్కచెల్లెళ్లని తేలిపోతుంది. అంతకు మించి ఆలోచించే తీరిక ఆమె భయం ఆమెకి ఇవ్వలేదు.

"అమ్మా! పిన్నీ! వచ్చేశాయి!" కూతురు ఫోనుతో దూసుకొచ్చింది. "పిన్నీ, గుండె గట్టిగా పట్టుకో. నువ్వు మా అమ్మకి చెల్లెలివి కాదు."

బ్రష్షు గిన్నెలో పడింది.

"మరి?" అంది చెల్లెలు.

"మా అమ్మవే!" కూతురు పడీపడీ నవ్వింది. "చూడు, ఏం రాశారో. మీరిద్దరూ ఒకే మనిషట. కాకపోతే అచ్చుగుద్దిన కవలలట!"

"కవలలా? మీ అమ్మ స్కూలుకి పోతున్నప్పుడు నేను పుట్టాను. దారిలో ఎక్కడైనా పడుకుని లేచి వచ్చానా?"

ఇద్దరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయింది, పెదాలు కదల్లేదు. కూతురు అప్పటికే ల్యాబుకి ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

"శాంపిల్స్ కలిపేశారండీ మీరు. ఇంత నిర్లక్ష్యమా?"

"లేదు మేడమ్, రెండుసార్లు చూశాం." అవతల లేత గొంతు. "మీ ఇంట్లో ఒకరే పొరపాటున రెండు గొట్టాలూ నింపి ఉంటారేమో, ఒక్కసారి కనుక్కుంటారా?"

"మా అమ్మ అంత తెలివితక్కువది కాదు! ఆ పరీక్ష చేసింది ఎవరు? మీ పైవాళ్లకి రాస్తాను."

"నేనే మేడమ్." అవతలి అమ్మాయి వేడుకుంది. "ఉద్యోగంలో కొత్తగా చేరాను. దయచేసి..."

"ఫోను పెట్టెయ్," అంది అక్క.

"నువ్వుండమ్మా, ఇలాంటివాళ్లని..."

"పెట్టెయ్యమన్నానా! ఆ పిల్ల తప్పేం లేదు. రెండూ నేనే నింపాను."

కూతురు ఏదో గొణిగి ఫోను ఆపేసింది. చెల్లెలు అద్దంలోంచే అక్కని చూసింది. నవ్వు ఎటుపోయిందో పోయింది.

"నాది ఏం చేశావు?"

"సింకులో పారబోశాను."

చెల్లెలు లేచింది. మెడకి కట్టిన గుడ్డ మీద రంగు చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"డాక్టరు నాకెక్కడ నొప్పని అడిగితే నువ్వు చెప్తావు. నాకు చీర ఏ రంగు బావుంటుందో నువ్వు చెప్తావు. నా మొగుడితో గొడవైతే నాకంటే ముందు నువ్వెళ్లి కడిగేస్తావు. పోనీలే, అక్క కదా అనుకున్నాను. చివరికి నా ఉమ్మి కూడా నువ్వే ఉమ్మావా?"

కూతురికి నవ్వొచ్చింది, ఇద్దరి మొహాలూ చూసి మింగేసింది.

"చెప్పక్కా. నేను మీదాన్ని కాదు. అంతేగా?"

అక్క గ్లవ్స్ ఒక్కొక్కటే తీసింది. తీసినవాటిని మడతపెట్టింది, మళ్లీ విప్పింది.

"మనం చిన్నప్పుడున్న ఇంట్లో, పైగదిలో ఒకావిడ అద్దెకుండేది. సంచులు కుట్టే ఫ్యాక్టరీలో పని. తోడెవరూ లేరు. పాటలు పాడేది, ఒక్కటీ పూర్తిగా వచ్చేది కాదు. నిన్ను కన్న వారానికే జ్వరంతో పోయింది. అమ్మ నిన్ను కిందకి తెచ్చి తిన్నగా నా ఒళ్లో పెట్టింది. ఇక ఇది మనదే అంది."

"ఆవిడకి..." చెల్లెలి చెయ్యి తనంతట తనే నుదుటి మీదకి వెళ్లింది.

"ఉండేది. సరిగ్గా అక్కడే. చూసినవాళ్లు గుర్తుపడతారని అమ్మ మొదట్లో కాటుక రాయించేది, నా చేత. తర్వాత రంగు."

చెల్లెలు అద్దం దగ్గరికి వంగి, రంగు ఆరని పాయని చూసుకుంది.

"అంటే మా అమ్మని ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకుని తిరిగాను," అంది చెల్లెలు. "నువ్వు నెలనెలా ఆవిణ్ణి చెరిపేస్తూ వచ్చావు."

గుడ్డ లాగి పారేసి, జుట్టు కడిగే సింకులో తల పెట్టి కొళాయి తిప్పేసింది. నల్లనీళ్లు సుడి తిరిగాయి. అక్క తువ్వాలు పట్టుకుని వెనక నిలబడింది, దగ్గరికి పోయే ధైర్యం చాలక.

"అమ్మకిచ్చిన మాట ఒక సాకు," అంది ఆ వీపుతోనే. "నీ వాళ్లెవరో దొరుకుతారు. నీ ముక్కుతో, నీ పాయతో. ఇక నాతో నీకేం పని? అదే నా భయం. నాకు నువ్వు తప్ప..."

చెల్లెలు తల ఎత్తింది. ఆమె మొహం మీద నీళ్లు కొళాయివో కళ్లవో తెలియలేదు. తువ్వాలు లాక్కుంది.

"సీఐడీ! ఇంకో గొట్టం ఉందా?"

"ఉంది పిన్నీ." కూతురు పరుగున తెచ్చింది.

చెల్లెలు గొట్టం నోటి దగ్గర పెట్టుకుంది. ఎంత ప్రయత్నించినా చుక్క రాదు. ఏడుపుకి నోరు పిడచకట్టుకుపోయింది. నీళ్లు తాగుదామంటే పరీక్షకి ముందు తాగకూడదట. చికాకుగా చుట్టూ చూసింది. అక్క పెదాలు కదిలాయి.

"ఏంటి, నోరు తెరుస్తున్నావ్? మూసుకో!"

"నేనేం అన్లేదే!"

కూతురు ఇక ఆపుకోలేక ఫక్కుమంది. చెల్లెలు పళ్లు బిగించింది.

అక్క గబగబా వంటింట్లోకి వెళ్లింది. ఒక్క క్షణం అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆ గొట్టం నిండకపోతే చెల్లెలు తనదే. తర్వాత నిమ్మకాయా చాకూ తీసుకుని వచ్చింది. చెల్లెలి ముక్కు కింద పెట్టి నిమ్మకాయని రెండుగా కోసింది.

"తినకు. వాసన చూడు, చాలు. చిన్నప్పుడు బడి దగ్గర బూర ఊదేవాడి ముందు ఇలాగే కోసి చూపించాం, గుర్తుందా? పాపం, చొంగ కారి పాట ఆగిపోయింది."

చెల్లెలికి కోపంలోనే నవ్వు తన్నుకొచ్చింది, ఆ నవ్వుతోనే నోరూరింది. గొట్టం నిండింది. మూత బిగించి, తన పేరు తనే రాసింది. కాసేపు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత అక్క చేతిలో పెట్టింది.

"నువ్వే తీసుకెళ్లి పంపించు."

"నేనా? నన్నెలా నమ్ముతావు?"

"నమ్మడం లేదు. పక్కనే నేనూ వస్తాను. దార్లో ఆవిడ పాటలు ఎన్ని గుర్తుంటే అన్ని పాడు. సగం సగం అయినా సరే."

అక్క గొట్టాన్ని రెండు చేతుల మధ్యా పట్టుకుంది, ఎప్పుడో ఒళ్లో పసిదాన్ని పట్టుకున్నట్టు. ఇక ఆమె ఏడుపు ఆగలేదు.

కూతురు షట్టరు ఎత్తింది. బయట కాచుకున్న మొదటి గిరాకీ లోపలికి వస్తూనే కళ్లు విప్పార్చింది.

"అయ్యో, అదేంటండీ ఆ తెల్ల పాయ? ఎప్పుడూ చూడలేదే!"

"మా అమ్మది," అంది చెల్లెలు తడిజుట్టు వెనక్కి తోసుకుని.

"అలాగా! మరి మీ అక్కకి రాలేదే?"

చెల్లెలు అక్క గౌను అంచు కోసం వెతుకుతున్నట్టు చెయ్యి చాపి, ఆమె చీర కొంగు దొరకబుచ్చుకుంది.

"పాయ నాకొచ్చింది," అంది. "అక్కకి నేనొచ్చాను."