అగత్తి నుంచి పోర్ట్‌బ్లేయర్‌కు దారం

యూనివర్సిటీలో గ్లోబు మీద దారం పెట్టి కొలుస్తోంది పూర్ణిమ. కోపంతో.

దారం ఒక కొస అరేబియా సముద్రంలో, అగత్తి దీవి మీద ఉంది. అక్కడి విమానాశ్రయంలో వాతావరణ ఆఫీసుకు ఉమాపతిని వేశారు. రెండో కొస దేశం దాటి, బంగాళాఖాతం దాటి పోర్ట్‌బ్లేయర్‌లో ఆగింది. అక్కడ అదే ఉద్యోగం పూర్ణిమది. ఎమ్మెస్సీ జాగ్రఫీ రెండేళ్లూ ఒకే బల్ల మీద చదివిన ఇద్దరికి సర్కారు చేసిన సన్మానం ఇది.

"రెండువేల రెండొందల కిలోమీటర్లు" అంది, దారాన్ని స్కేలు పక్కన పరిచి.

ఉమాపతి మనసులో లెక్క కట్టాడు. "ఫ్లైటైతే మూడు గంటలు."

ఆ మూడు గంటలే అగ్గి రాజేశాయి. ఆ దీవి నుంచి ఈ దీవికి ఏ విమానం తిరుగుతోందో చూపించమంది. చిన్న విమానంలో కొచ్చిన్, అక్కడి నుంచి మద్రాసు, మద్రాసులో పడిగాపులు, ఆ తర్వాత కదా పోర్ట్‌బ్లేయర్. వాన ముదిరితే అగత్తిలో విమానం లేవనే లేవదు.

"మూడు రోజులకైనా రాలేవు. నువ్వేమన్న కొంగవా, సక్కగ ఎగిరొస్తందుకు? ఈడనే బేగంపేట ఇస్తమంటే వద్దన్నవంట, మన క్లాసు రాజశ్రీ చెప్పింది. నాకు దూరం పోవాల్ననే కదా."

ఉమాపతి మాటల్లో పొదుపు మనిషి. ఆ పొదుపే ఆమెకు ఒళ్లు మండించింది. దారం విసిరికొట్టి వానలోకి నడిచింది.

తార్నాక దాకా అతను వెనకే వచ్చాడు, చేయి చాపి గొడుగు ఆమె వైపు పట్టుకుని. ఆమె అందనంత ముందు నడిచింది. గొడుగు కింద ఎవరూ లేరు. ఇద్దరూ తడిశారు.

ఇరానీ హోటల్ ముందు గిర్రున తిరిగింది. "నోట్ల నాలుక లేదా?"

"నీకు అండమాన్ వచ్చినంకనే నా ఇంటర్వ్యూ అయింది" అన్నాడు. "ఎక్కడికి పోతవన్నరు. బేగంపేటనా అంటే, వద్దు, ఏ దీవికైనా పోతా సార్ అన్న."

"ఏ దీవికైనానా?"

"దీవి అంటే నాకు యాదికొచ్చింది నీ దీవొక్కటే."

పూర్ణిమ నుదురు కొట్టుకుంది. "నీకు జాగ్రఫీల ఫస్టుక్లాసు ఎవడిచ్చిండు?"

పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి తోసి, మద్రాసులో ఇంటర్వ్యూ చేసిన నరహరిగారి నంబరు తనే తిప్పి, రిసీవరు అతని చేతిలో పెట్టి బయట నిలబడింది. వానకు ఉబ్బిన తలుపు మూసుకోలేదు. క్యూలో ఉన్నవాళ్లంతా చెవులు రిక్కించారు.

"సార్, ఏ దీవైనా అన్న గని, పోర్ట్‌బ్లేయర్ ఒక్కటే సార్."

ఎందుకని అడిగినట్టున్నారు. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెత్తుతున్నాయి.

"గాడ నా పెండ్లాం ఉంటది సార్."

క్యూ మొత్తం పూర్ణిమ వైపు తిరిగింది.

అతను బయటికొచ్చాడు. ముందు పెళ్లి చేసుకుని ఇద్దరూ కలిసి దరఖాస్తు పెడితే చూస్తానన్నారట సారు. ఈ ముక్క ఆనాడే చెప్పొద్దా అని తిట్టారట కూడా.

"మంచిగున్నది. మద్రాసుల సార్‌కు చెప్పినంక నాకా?"

"నీకు తెల్వదా?"

"తెల్వది. నాకు నోటితోనే చెప్పాలె."

అతను క్యూ వైపు చూశాడు, చినుకుల వైపు చూశాడు, చివరికి ఆమెను చూశాడు.

"పూర్ణిమా, నన్ను చేసుకుంటవా?"

ఆమె ముఖంలో కోపం దిగలేదు. గొడుగు మాత్రం లాక్కుని, అతని భుజం తడవకుండా పట్టింది.

"ఇదే మాట మల్కాజ్‌గిరి వచ్చి మా నాయిన ముందట చెప్పు. గాడికి మూడు గంటలేం పట్టవు. నడువు."